గోలీలతో ఆగని ఫిట్స్: ఆపరేషన్ గురించి ఎప్పుడు అడగాలి?

ఫిట్స్ అనగానే మనిషి విరుచుకు పడిపోవడం, కాళ్లు చేతులు కొట్టుకోవడం, నోట నురగ రావడం గుర్తుకొస్తాయి. టెంపోరల్ లోబ్ నుంచి పుట్టే ఫిట్స్ చాలాసార్లు అలా ఉండవు. అందుకే ఇంట్లోవాళ్లు కూడా ఏళ్ల తరబడి పోల్చుకోలేరు. బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఒకామెను ఊహించుకోండి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతుంది. కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు అనిపిస్తుంది, కారణం లేకుండా గుండెల్లో భయం పుడుతుంది. ఆ వెంటనే చూపు ఒకచోట నిలిచిపోతుంది. పెదవులు చప్పరిస్తూ, గుటకలు మింగుతూ, ఒక చేత్తో తునికాకునో చీర కొంగునో నలుపుతూ ఉంటుంది. రెండో చేయి బిగుసుకుని వంకర తిరుగుతుంది. పిలిస్తే పలకదు. ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటుంది గానీ, కాసేపటి వరకు ఎక్కడున్నదీ తెలియదు. జరిగిందేమీ గుర్తుండదు.

చూసినవాళ్లు పరధ్యానం అంటారు, గాలి సోకిందంటారు. చేతిలో తాళాల గుత్తి పెడతారు, ఉల్లిగడ్డ వాసన చూపిస్తారు. ఫిట్స్ దానంతటదే ఆగిపోతుంది కాబట్టి తాళంచెవి వల్లే తగ్గిందన్న నమ్మకం కుదురుతుంది. నిజానికి అప్పుడు చేయాల్సింది వేరు. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఎంతసేపు ఉందో గడియారం చూసుకోవాలి. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కణతల వెనక, చెవుల పక్కగా మెదడులో రెండు వైపులా ఉండే భాగమే టెంపోరల్ లోబ్. దాని లోపలి అంచున హిప్పోక్యాంపస్ అనే చిన్న నిర్మాణం ఉంటుంది. కొత్త విషయాలను జ్ఞాపకంలోకి చేర్చే పని దానిది. పెద్దవాళ్లలో మందులకు లొంగని ఫిట్స్‌కు ఎక్కువగా మూలమయ్యేది ఈ చోటే. అక్కడి కణాలు చచ్చిపోయి, హిప్పోక్యాంపస్ ముడుచుకుని గట్టిపడిపోతుంది. దీన్ని హిప్పోక్యాంపల్ స్క్లెరోసిస్ అంటారు. ఇలాంటి రోగుల గతం అడిగితే తరచూ ఒకే కథ బయటపడుతుంది. రెండు మూడేళ్ల వయసులో జ్వరం వచ్చినప్పుడు చాలాసేపు ఆగకుండా ఫిట్స్ వచ్చాయి. తర్వాత ఏళ్ల పాటు ఏమీ లేదు. బడికి పోయే వయసులోనో పదహారు పదిహేడేళ్లప్పుడో మళ్లీ మొదలైంది. మొదట్లో మందులకు ఆగింది, ఆ తర్వాత ఆగడం మానేసింది. అందరిదీ ఇదే కథ కాదు. కొందరిలో చిన్న గడ్డ, తలకు తగిలిన పాత దెబ్బ, మెదడులో బద్దెపురుగు తిత్తి మిగిల్చిన మచ్చ, పుట్టుకతో వచ్చిన రక్తనాళాల లోపం కూడా ఇదే పని చేస్తాయి.

ఒక పొలంలో మోటారు వైరింగ్ కాలితే, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కిందున్న పొలాలన్నిటికీ కరెంటు పోతుంది. మెదడులోనూ అంతే. చెడింది వేలెడంత చోటు, మనిషి మొత్తం ఆగిపోతాడు. మందులు చేసేది మెదడంతటా కరెంటు ఉధృతిని తగ్గించడమే గానీ, చెడిన చోటును బాగుచేయడం కాదు. అందుకే ఆ చోటు ఏదో కచ్చితంగా తెలిసి, దాన్ని తీసేస్తే ప్రమాదం లేదని తేలితే, ఆపరేషన్ అసలు మూలాన్నే తొలగిస్తుంది.

అయితే మందులు పనిచేయడం లేదని ఎప్పుడు అనాలి? ఇక్కడే మన దగ్గర ఎక్కువ కాలం వృథా అవుతుంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో క్వాన్, బ్రాడీ అనే వైద్యులు అంతకుముందు ఏ మందూ వాడని 470 మంది మూర్ఛ రోగులను గమనించి 2000లో ఫలితాలు ప్రచురించారు. మొదటి మందుతోనే నూటికి 47 మందికి ఫిట్స్ పూర్తిగా ఆగాయి. రెండో మందుతో మరో 13 మందికి ఆగాయి. మూడో మందును ఒంటరిగా వాడితే ఆగింది నూటికి ఒక్కరికే. ఆ తర్వాత కొత్త మందులు చాలా వచ్చాయి. అయినా రెండు మందులు ఓడిపోయిన వాళ్లలో మూడోదో నాలుగోదో పూర్తిగా గెలిచే అవకాశం మాత్రం పెద్దగా పెరగలేదు. అందుకే అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సంఘం 2010లో ఒక నిర్వచనం ఇచ్చింది. ఆ రకం ఫిట్స్‌కు తగిన రెండు మందులను సరైన మోతాదులో, సక్రమంగా వాడినా ఫిట్స్ ఆగకపోతే అది మందులకు లొంగని మూర్ఛ. ఆ రెండు మందులను విడివిడిగా వాడినా కలిపి వాడినా లెక్క ఒకటే.

సక్రమంగా అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. లొంగడం లేదనుకున్న ఫిట్స్‌లో కొన్ని అసలు ఫిట్సే కావు. గుండె లయ తప్పి స్పృహ తప్పడం కావచ్చు, మానసిక ఒత్తిడి వల్ల వచ్చే కుదుపులు కావచ్చు. కొన్నిసార్లు మందు తప్పు, కొన్నిసార్లు మోతాదు చాలదు. నాట్లప్పుడు, కోతలప్పుడు నిద్ర చాలక, కల్లు సారా తోడై, గోలీ వేళకు పడక ఫిట్స్ తిరగబెడతాయి. గల్ఫ్ పోయిన మన నిజామాబాద్, కామారెడ్డి పిల్లలు ఇంటి నుంచి తీసుకెళ్లిన గోలీలు అయిపోయాక, ఉద్యోగం పోతుందన్న భయంతో ఎవరికీ చెప్పకుండా మానేస్తారు. ఇలాంటివన్నీ విడదీసి చూసిన తర్వాత మిగిలేదే నిజంగా మందులకు లొంగని మూర్ఛ. దాన్ని తేల్చాల్సింది న్యూరాలజిస్టు. ఆర్‌ఎంపీ దగ్గర గోలీల రంగు మార్చుకుంటూ పోతే అది తేలదు.

ఈ ఆలస్యం గురించి నాకు బాధ ఎక్కువ. సంపన్న దేశాల్లో కూడా ఫిట్స్ మొదలైనప్పటి నుంచి ఆపరేషన్ దాకా సగటున ఇరవై ఏళ్లు పడుతోందని వైద్యులే చెబుతున్నారు. ఆ ఇరవై ఏళ్లలో చదువు పోతుంది, పెళ్లి ఆగుతుంది, బండి నడపడం కుదరదు, జ్ఞాపకశక్తి మెల్లగా తరిగిపోతుంది. నిజాంసాగర్ కాలువ కింద వరి పండించే ఊళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. కాలువ గట్టు మీదో, బావి పక్కనో, మోటారు స్టార్టర్ దగ్గరో, కట్టెల పొయ్యి ముందో ఒక్క నిమిషం స్పృహ తప్పితే చాలు. మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో ఏటా సుమారు వెయ్యికి ఒకరు ఏ ప్రమాదమూ జరగకుండానే హఠాత్తుగా, ఎక్కువగా నిద్రలోనే చనిపోతారు. ఫిట్స్ అదుపులో లేనివాళ్లలో ఆ ముప్పు చాలా ఎక్కువ. ఆపరేషన్ అంటే ప్రాణ భయం ఉండడం సహజం. ఆపరేషన్ లేకుండా కూర్చోవడంలో ఉన్న ప్రాణ భయాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఆపరేషన్ నిజంగా మేలేనా అన్నదానికి గట్టి జవాబు 2001లో కెనడా నుంచి వచ్చింది. శామ్యూల్ వీబ్ బృందం టెంపోరల్ లోబ్ మూర్ఛ మందులకు లొంగని 80 మందిని తీసుకుని, చీటీ వేసినట్టుగా 40 మందిని ఆపరేషన్‌కు, 40 మందిని మందులకు కేటాయించింది. ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేనివాళ్లు ఆపరేషన్ వైపు నూటికి 58, మందుల వైపు 8. మందుల వైపు ఒకరు చనిపోయారు, ఆపరేషన్ వైపు ఎవరూ చనిపోలేదు. పిల్లల విషయంలో ఇలాంటి పరీక్షే మన దేశంలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది. మంజరి త్రిపాఠి, శరత్ చంద్ర తదితరుల బృందం రకరకాల మూర్ఛ ఆపరేషన్లు అవసరమైన 116 మంది పిల్లలతో చేసి 2017లో ప్రచురించింది. ఏడాదికి ఫిట్స్ లేనివాళ్లు ఆపరేషన్ జరిగినవారిలో నూటికి 77, మందుల మీద ఉన్నవారిలో 7.

దక్షిణాదిలో ఈ వైద్యం కొత్తదేమీ కాదు. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర శిక్షణ పొందిన జాకబ్ చాందీ 1949లో వెల్లూరు సీఎంసీలో న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టి, 1952లోనే మూర్ఛకు ఆపరేషన్ చేశారు. తర్వాత చాలాకాలం ఈ పని మందగించింది. 1995లో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో న్యూరాలజిస్టు కె.రాధాకృష్ణన్, న్యూరోసర్జన్ మల్లా భాస్కరరావు కలిసి టెంపోరల్ లోబ్ ఆపరేషన్లను ఒక పద్ధతి ప్రకారం మొదలుపెట్టాక ఊపు వచ్చింది. వనరులు తక్కువున్న దేశాల్లో మూర్ఛ సర్జరీ సాధ్యమేనా అనే ప్రశ్నతో ఆ ఇద్దరూ 2000లో ఒక వ్యాసం రాశారు. రోగులను జాగ్రత్తగా ఎంచుకుంటే, ఖరీదైన పరీక్షలన్నీ లేకపోయినా ఎంఆర్ఐ, వీడియో ఈఈజీలతోనే చాలామందికి సురక్షితంగా చేయవచ్చని వాళ్లు చూపించారు. బాన్సువాడ వాళ్లకు ఇప్పుడు అంత దూరం పోవాల్సిన పని లేదు. హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్‌లో మూర్ఛ సర్జరీలు చేస్తున్నారు. సికింద్రాబాద్ కిమ్స్‌లో సీతా జయలక్ష్మి, మానస్ పాణిగ్రాహి బృందం ఈ ఆపరేషన్ల మీద ఏళ్లుగా పరిశోధన పత్రాలు ప్రచురిస్తూ వచ్చింది.

హైదరాబాద్ పోగానే ఆపరేషన్ టేబుల్ ఎక్కిస్తారని భయపడేవాళ్లు చాలామంది. అలా జరగదు. ముందు జరిగేది ఆపరేషన్ కుదురుతుందా లేదా అన్న పరిశీలన. అది రోజుల తరబడి నడుస్తుంది. దాని చివర చాలామందికి వద్దనే చెబుతారు. పరిశీలనకు ఒప్పుకున్నంత మాత్రాన ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదు.

అందులో కీలకం వీడియో ఈఈజీ, అంటే ఫిట్స్ వచ్చేటప్పుడు మెదడు కరెంటునూ మనిషి కదలికలనూ ఒకేసారి రికార్డు చేయడం. ఒక గది, ఒక మంచం, మంచం మీదికి గురిపెట్టిన కెమెరా. రోగి తల మీద ఇరవైకి పైగా వైర్లు జిగురుతో అతికించి, ఊడిపోకుండా తలంతా గుడ్డ చుడతారు. పక్కన తల్లో భార్యో ఉండాలి. వాళ్ల చేతికి ఒక బటన్ ఇస్తారు, ఫిట్స్ వచ్చిన క్షణాన నొక్కాలి. తర్వాత డాక్టర్లు గోలీలు మెల్లగా తగ్గిస్తారు. ఇన్నేళ్లు రావొద్దని దేవుడికి మొక్కుకున్న ఇంటివాళ్లు ఆ గదిలో ఫిట్స్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు. ఒక రాత్రి గడుస్తుంది, రాదు. రెండో రోజూ రాకపోవచ్చు. వచ్చినప్పుడు నర్సు పరుగెత్తుకొచ్చి పేరేమిటని అడుగుతుంది, ఒక మాట చెప్పి గుర్తుపెట్టుకోమంటుంది, చేయి ఎత్తమంటుంది. తగ్గాక పెన్ను చూపించి ఇదేమిటని అడుగుతుంది, చదువు వచ్చినవాళ్లయితే ఒక వాక్యం చదవమంటుంది. తెలివి వచ్చాక కూడా నిమిషం దాటినా సరిగా చదవలేకపోతే, మాటకు కేంద్రమైన వైపు నుంచి, అంటే చాలామందిలో ఎడమ వైపు నుంచి ఫిట్స్ పుట్టిందన్న అనుమానం బలపడుతుంది. బిగుసుకుపోయిన చేయి కుడిదైతే మూలం ఎడమ వైపు. ఫిట్స్ అయ్యాక ఏ చేత్తో ముక్కు తుడుచుకున్నారో కూడా వీడియోలో వెనక్కి తిప్పి చూస్తారు. తరచూ అది మూలం ఉన్న వైపు చేయే. ఇలా మూడు నాలుగు ఫిట్స్ రికార్డయి, అన్నీ ఒకే చోటును చూపిస్తే గానీ డాక్టర్లకు ధీమా రాదు.

ఎంఆర్ఐ సంగతి కూడా తెలుసుకోవాలి. తలనొప్పికి తీసే మామూలు ఎంఆర్ఐలో ముడుచుకున్న హిప్పోక్యాంపస్ తప్పిపోవచ్చు. మూర్ఛ కోసం ప్రత్యేకంగా తీసే స్కానులో హిప్పోక్యాంపస్‌కు అడ్డంగా పలచని పొరలు పొరలుగా తీస్తారు. ఒక వైపుది చిన్నగా, తెల్లగా మెరుస్తూ కనబడుతుంది. కాబట్టి పాత రిపోర్టులో నార్మల్ అని ఉంటే అంతటితో ఆశ వదులుకోవద్దు. అవసరాన్ని బట్టి పెట్ స్కాన్, ఇంకా కొన్ని పరీక్షలు జతచేస్తారు.

జ్ఞాపకశక్తి పరీక్షను చాలామంది లెక్కచేయరు గానీ, నా దృష్టిలో అది స్కానుకు తీసిపోయేది కాదు. మాటల జాబితా వినిపించి అరగంట తర్వాత ఎన్ని గుర్తున్నాయో అడుగుతారు, బొమ్మలు చూపించి మళ్లీ గీయమంటారు. ఈ పరీక్ష మన భాషలో జరగాలి. బడి మొహం చూడని మనిషికి ఇంగ్లిష్ పదాల పరీక్ష పెడితే వచ్చే మార్కులు మెదడు గురించి ఏమీ చెప్పవు. తెలుగులో అడగమని నిస్సంకోచంగా చెప్పండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, వెనక ఒక విషాదం ఉంది. 1953లో అమెరికాలో విలియం స్కోవిల్ అనే సర్జన్ హెన్రీ మొలాయిసన్ అనే యువకుడికి ఫిట్స్ తగ్గించడానికి రెండు వైపుల హిప్పోక్యాంపస్‌లనూ తీసేశాడు. ఫిట్స్ చాలావరకు తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి 2008లో చనిపోయే దాకా ఆయన కొత్తగా ఏ సంఘటననూ గుర్తుపెట్టుకోలేకపోయాడు. ఆయనను దశాబ్దాల పాటు పరీక్షించిన బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త వల్లే జ్ఞాపకం ఎక్కడ తయారవుతుందో ప్రపంచానికి తెలిసింది. అప్పటి నుంచి నియమం ఒకటే. ఒక వైపే తీయాలి, అదీ రెండో వైపు బాగా పనిచేస్తోందని తేలాకే.

ఆపరేషన్ మత్తు ఇచ్చి చేస్తారు, కొన్ని గంటలు పడుతుంది. చెవి ముందు నుంచి పైకి కోత పెట్టి, ఎముక ముక్క తీసి, టెంపోరల్ లోబ్ ముందు భాగాన్ని, దానితో పాటు హిప్పోక్యాంపస్‌ను, దాని ముందున్న అమిగ్డాలాను తొలగిస్తారు. మాటకు నష్టం రాకుండా ఎడమ వైపు పైపొరను తక్కువగా, సుమారు మూడున్నర సెంటీమీటర్ల దాకా తీస్తారు. కుడి వైపు ఇంకాస్త ఎక్కువ తీయగలరు. పైపొరను ముట్టకుండా లోపలి భాగాన్నే తీసే పద్ధతి కూడా ఉంది. ఎముకను తిరిగి బిగించి కుట్లు వేస్తారు. అంతా సవ్యంగా ఉంటే వారం పది రోజుల్లో ఇంటికి పంపుతారు.

నష్టాలను దాచకూడదు. అనుభవం ఉన్న కేంద్రాల్లో ప్రాణాపాయం నూటికి ఒకటి కంటే తక్కువ. పక్షవాతం వంటి శాశ్వత లోపం నూటికి ఒకరిద్దరికి రావచ్చు. చూపులో పై మూల కొంత తగ్గడం మాత్రం సాధారణమే, చాలామందికి అది తెలియను కూడా తెలియదు. కొందరికి మొదటి నెలల్లో దిగులు, చిరాకు ముదురుతాయి, మందు అవసరమవుతుంది. అన్నిటికంటే ముఖ్యం జ్ఞాపకం. అనేక అధ్యయనాలను కలిపి 2011లో చేసిన విశ్లేషణలో ఎడమ వైపు ఆపరేషన్ అయినవారిలో నూటికి 44 మందికి మాటలతో ముడిపడ్డ జ్ఞాపకం తగ్గిందని తేలింది. కుడి వైపు అయినవారిలో అది 20. హిప్పోక్యాంపస్ ముందే ఎండిపోయి ఉంటే పోయేది తక్కువ, ఇంకా బాగా పనిచేస్తుంటే పోయేది ఎక్కువ. పంతులుగానో గుమస్తాగానో బతికేవాళ్లు, చదువుకునే పిల్లలు ఈ ప్రశ్న డాక్టరును తప్పకుండా అడగాలి. మా అబ్బాయికి ఎడమా కుడా, జ్ఞాపకం ఎంత పోవచ్చు అని సూటిగా అడగండి.

ఫిట్స్ ఆగాక కూడా గోలీలు వెంటనే మానకూడదు. సాధారణంగా ఏడాది రెండేళ్ల దాకా కొనసాగించి, ఆ తర్వాత డాక్టరు ఒక్కొక్కటిగా తగ్గిస్తారు. కొందరికి ఒక గోలీ జీవితాంతం ఉండిపోతుంది. దీర్ఘకాలంలో ఫలితాలు ఎలా ఉంటాయంటే, లండన్‌లో మూర్ఛ ఆపరేషన్ అయిన 615 మంది పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2011లో ప్రచురించిన లెక్క ప్రకారం, అయిదేళ్ల దాకా స్పృహ తప్పే ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్లు నూటికి 52, పదేళ్ల దాకా 47. అంటే ఇది అందరికీ సంపూర్ణ విముక్తి కాదు. సగం మందికి విముక్తి, మిగిలినవారిలో చాలామందికి ఊరట. అసలు ఆపరేషన్ కుదరని వాళ్లకు మెడలోని వేగస్ నరానికి చిన్న కరెంటు ఇచ్చే పరికరం వంటి దారులున్నాయి. అవి ఫిట్స్‌ను తగ్గిస్తాయి గానీ పూర్తిగా ఆపడం అరుదు.

ఖర్చు మాటకొస్తే, తెలంగాణ ఆరోగ్యశ్రీ జాబితాలో మూర్ఛ ఆపరేషన్లు ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో పథకం పరిమితిని 5 లక్షల రూపాయల నుంచి 10 లక్షలకు పెంచారు. అయితే వీడియో ఈఈజీ, పెట్ స్కాన్ లాంటి ముందస్తు పరీక్షల్లో ఏవి పథకం కిందికి వస్తాయో, ఏవి చేతినుంచి పెట్టుకోవాలో చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. నిమ్స్ లాంటి చోట మంచం కోసం ఎదురుచూపు ఉండొచ్చు. అందుకే పేరు ముందుగా రాయించుకోవడం మంచిది.

ఆడపిల్ల విషయంలో ఇంకాస్త తొందరపడాలని చెబుతాను. వాల్‌ప్రోయేట్ వంటి మందులు గర్భంలోని బిడ్డకు హాని చేయగలవు. ఫిట్స్ ఆగి మందులు తగ్గితే ఆ ముప్పూ తగ్గుతుంది. పెళ్లి భయంతో జబ్బు దాచిపెట్టే తల్లిదండ్రులకు ఒక విషయం తెలియాలి. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను వివాహానికి అనర్హతగా చూపిన మాటను 1999లో తొలగించారు. చట్టం వదిలేసిన ఆ మాటను మనం పట్టుకు వేలాడాల్సిన అవసరం లేదు.

అంతర్జాతీయ సంఘం నియమించిన సర్జరీ నిపుణుల బృందం 2022లో ఇచ్చిన సూచన ఏమిటంటే, మందులకు లొంగదని తేలగానే 70 ఏళ్ల లోపు ప్రతి రోగినీ ఆపరేషన్ పరిశీలనకు పంపాలి. జబ్బు ఎన్నేళ్లుగా ఉంది, ఆడా మగా, ఉన్నవాళ్లా లేనివాళ్లా అన్నది చూడకూడదు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా రెండు మందులు వాడుతున్నా నెలకో రెండు నెలలకో ఫిట్స్ వస్తుంటే, ఈసారి వచ్చినప్పుడు భయపడి ఫోను పక్కన పడేయకుండా మొత్తం వీడియో తీయండి, ముఖమూ రెండు చేతులూ కనబడేలా. ఏ తేదీన, ఏ వేళకు, ఎంతసేపు అని ఒక పుస్తకంలో రాసిపెట్టండి. పాత చీటీలు, వాడిన గోలీల అట్టలు, స్కాను ఫిల్ములు పారేయకుండా ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయా అన్నది అమ్మనో అమ్మమ్మనో అడిగి తెలుసుకోండి. ఇవన్నీ న్యూరాలజిస్టు ముందు పెట్టి, మా మనిషికి మూర్ఛ సర్జరీ పరిశీలన చేయిస్తారా, ఎక్కడికి రాసిస్తారు అని అడగండి. ఇప్పుడే వద్దంటే, ఎందుకు వద్దో ఓపీ చీటీ మీదే రాయించుకోండి.